నాలుగో అంతస్తు నుంచి దిగిన లిఫ్ట్: ఒక విద్యార్థి థ్రిల్లర్ ఓపెనింగ్ మూల్యాంకనం

హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ డిప్లొమా కోర్సులో నలుగురు విద్యార్థులు కలిసి తీసిన రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ కేసు ఇది. పేర్లు, సంస్థ, షూటింగ్ జరిగిన కాలనీ వదిలేశాను. బృందాన్ని గుర్తుపట్టే వీల్లేకుండా కథలోని చిన్న చిన్న వివరాలు కూడా మార్చాను. దీన్ని రాయడానికి కారణం ఒక్కటే. మార్కుల పట్టిక ప్రకారం చూస్తే ఈ ఓపెనింగ్ బాగానే ఉంది. చూసినవాళ్లకు మాత్రం భయం వేయలేదు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే మూల్యాంకనంలో అసలు పని.

నేపథ్యం

"సినిమా మొత్తం వద్దు, టైటిల్స్‌తో కలిపి మొదటి రెండు నిమిషాలు తీయండి" అనే అసైన్‌మెంట్ మన దగ్గర పుట్టింది కాదు. బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు 2008లో మొదలైన ఏఎస్ (దాదాపు మన ఇంటర్ స్థాయి) మీడియా స్టడీస్ సిలబస్‌లో దీన్ని పెట్టింది. వంద మార్కుల్లో పరిశోధన, ప్లానింగ్‌కు 20, తీసిన పనికి 60, విద్యార్థి స్వయంగా రాసే మూల్యాంకనానికి 20. ఆ మూల్యాంకనంలో ఏడు ప్రశ్నలుండేవి. ఎంచుకున్న జానర్ (సినిమా తరహా) పద్ధతులను ఎలా వాడారు, ఏ సామాజిక వర్గాలను ఎలా చూపించారు, ఎలాంటి సంస్థ పంపిణీ చేస్తుంది, ప్రేక్షకులెవరు, వాళ్లను ఎలా ఆకట్టుకున్నారు, టెక్నాలజీ గురించి ఏం నేర్చుకున్నారు, తొలి అభ్యాసం నుంచి ఇక్కడిదాకా ఏం ఎదిగారు. మన హైదరాబాద్ కోర్సు దాదాపు ఇదే చట్రాన్ని తీసుకుంది.

చట్రం మంచిదే. చిక్కంతా మొదటి ప్రశ్న దగ్గరుంది. జానర్ పద్ధతులు వాడారా అని అడిగితే, ఎన్ని వాడితే అన్ని మార్కులని విద్యార్థులు అర్థం చేసుకుంటారు. చీకటి ఉందా, కత్తి ఉందా, వెలిగి ఆరే ట్యూబ్‌లైట్ ఉందా, ఒంటరి అమ్మాయి ఉందా అని చూసుకుంటారు. ఈ బృందం అన్నీ పెట్టింది.

మొదటి కట్, అంటే మొదట ఎడిట్ చేసిన రూపం, ఇలా ఉంది. 0:00 నుంచి 0:14 వరకు నల్ల తెర మీద పేర్లు, వెనక ఉరుములు. తర్వాత రాత్రి నగరం మీద ఎనిమిది సెకన్ల డ్రోన్ షాట్. 0:22కి ఎర్రటి వెలుగులో ఒక చెయ్యి కత్తి తీసుకుంటుంది. 0:31కి నైట్ షిఫ్ట్ ముగించుకున్న అమ్మాయి క్యాబ్ దిగి అపార్ట్‌మెంట్ గేటులోకి వస్తుంది. సిగరెట్ కాలుస్తూ వాచ్‌మన్ ఆమెనే చూస్తూ, కుంటుతూ రెండడుగులు వేస్తాడు. 0:58కి లిఫ్ట్. ఫోన్‌కి "నేను చూస్తున్నాను" అని మెసేజ్. 1:30కి కారిడార్, వెలిగి ఆరే ట్యూబ్‌లైట్, అడుగుల చప్పుడు. 1:55కి భుజం మీద చెయ్యి, కేక, టైటిల్.

సమస్య

క్లాసులో వేసినప్పుడు కేక దగ్గర నవ్వులు వినిపించాయి. చివర్లో వచ్చిన మాటలు "బాగుంది", "లైటింగ్ సూపర్", "ఇంకా టెన్షన్ ఉండాలి". వీటిలో ఏదీ ఎడిట్ టేబుల్ మీద పనికొచ్చేది కాదు. అధ్యాపకుల్లో ఒకరిచ్చిన సూచన కూడా అలాంటిదే: "పేస్ పెంచండి, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) బలంగా చేయండి."

విద్యార్థులు రాసుకున్న స్వీయ మూల్యాంకనంలోనూ ఇదే జబ్బు. "లో-కీ లైటింగ్ (నీడలు ఎక్కువుండే వెలుతురు) ద్వారా సస్పెన్స్ సృష్టించాం" అని ఉంది. ఏ సెకనులో, ఎవరిలో, ఏ ప్రశ్న రేపడం ద్వారా సృష్టించారో లేదు. చేసిన పనిని ఫలితంగా లెక్కేసుకున్నారు.

ముందు చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

సూచన ప్రకారం బృందం మూడు మార్పులు చేసింది. మూడూ పరిస్థితిని మరింత చెడగొట్టాయి.

మొదటిది వేగం. కారిడార్ భాగంలో సగటున మూడు సెకన్లున్న షాట్లను సెకనున్నరకు కోశారు. అప్పటికే అక్కడ 180 డిగ్రీల గీత (మనిషి నడిచే దిశ తారుమారు కాకుండా కెమెరా ఒకే పక్కన ఉండాల్సిన ఊహారేఖ) దాటిన షాట్ ఒకటుంది. ఆమె ఎడమ నుంచి కుడికి నడుస్తూ, ఉన్నట్టుండి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. నిదానంగా ఉన్నప్పుడు కన్ను సర్దుకుంది. వేగం పెంచాక తలుపు ఎటుందో, అడుగుల చప్పుడు ఎటు నుంచో తెలియలేదు. చోటు తెలియని ప్రేక్షకుడికి కలిగేది అయోమయం. ఎటు నుంచి ప్రమాదం రావచ్చో తెలిస్తేనే భయం.

రెండోది చీకటి. డీఐలో, అంటే రంగులు సరిదిద్దే దశలో, నల్లని భాగాలను బాగా కిందికి లాగారు. ఫుటేజ్ ఫోన్‌లో తీసిన ఎనిమిది బిట్ల వీడియో. నీడల్లో సమాచారమే తక్కువ. లాగేసరికి గోడల మీద పట్టీలు, చుక్కల నాయిస్ తేలాయి. ల్యాప్‌టాప్ మీద పర్వాలేదనిపించిన ముఖం క్లాసు ప్రొజెక్టర్ మీద మొత్తం నలుపులో కలిసిపోయింది. భయపడే మనిషి ముఖం కనిపించకపోతే ఆ భయం మనదాకా రాదు.

మూడోది నేపథ్య సంగీతం. మొదటి సెకను నుంచి ఒక గంభీరమైన స్వరం మైనస్ 8 డెసిబెల్స్ దగ్గర సాగుతూనే ఉంది. చివరి కేక మైనస్ 6. రెండు డెసిబెల్స్ తేడాకు ఎవరూ ఉలిక్కిపడరు. కేకను పెంచుదామంటే పైన పెద్దగా చోటు లేదు, డిజిటల్ శబ్దానికి సున్నాయే పై హద్దు, అది దాటితే శబ్దం పగులుతుంది. తగ్గించాల్సింది కేకకు ముందున్న రెండు నిమిషాలను. అది ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే వచ్చిన సూచనే "బలంగా చేయండి" అని.

ఈ మూడూ చేతిపని లోపాలే అయినా, వాటిని ఒక్కొక్కటే సరిదిద్దితే సరిపోదనిపించింది. గీత సరిచేసి, చీకటి తగ్గించి, సంగీతం దించి చూస్తే దృశ్యం శుభ్రపడింది, అంతే. నవ్వు పోయింది, భయం రాలేదు. అంటే లోపం ఇంకా ముందు ఎక్కడో ఉంది.

ఆపి ఆపి చూపించడం

ఇక్కడ అధ్యాపకులం పద్ధతి మార్చాం. కథ తెలియని పది పన్నెండు మందిని, వేరే బ్యాచ్‌ల నుంచి, కూర్చోబెట్టి 0:30, 1:00, 1:30, 2:00 దగ్గర వీడియో ఆపాం. ఆపిన ప్రతిసారీ కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇప్పటిదాకా నీకు ఏం తెలిసింది? ఏం తెలుసుకోవాలని ఉంది? ఏం జరుగుతుందని భయంగా ఉంది?

కొన్ని నియమాలు తప్పనిసరి. జవాబులు రాయాలి, మాట్లాడకూడదు. ఒకరు నోరు విప్పి "వాచ్‌మనే" అంటే మిగతావాళ్ల కాగితాలు కూడా అటే వెళ్తాయి. దర్శకుడు గదిలో ఉండవచ్చు కానీ వివరణ ఇవ్వకూడదు. ఒకసారి చూసిన మనిషి మళ్లీ కొత్త ప్రేక్షకుడు కాలేడు కాబట్టి, మార్చిన కట్ కోసం ఇంకో గుంపును ముందే దాచుకోవాలి. క్లాసువాళ్లు అసలే పనికిరారు, వాళ్లకు స్క్రిప్ట్ తెలుసు.

కాగితాలు చదివితే విషయం తేటతెల్లమైంది. 0:30 దగ్గర దాదాపు అందరూ "హత్య జరగబోతోంది" అని రాశారు. తెలుసుకోవాలని ఏముందంటే చాలా కాగితాల్లో ఖాళీ. 1:00 దగ్గర "వాచ్‌మనే చంపుతాడు" లేదా "వాచ్‌మన్ కాదు, అనుమానం రావాలని పెట్టారు". ఈ రెండో జవాబు ఇంకా ప్రమాదకరం. ప్రేక్షకుడు కథలోంచి బయటికొచ్చి రచయిత ఎత్తుగడను అంచనా వేస్తున్నాడన్నమాట.

కత్తి చేసిన నష్టం ఇది. 22వ సెకనులోనే జానర్, నేరం, ఆయుధం మూడూ చెప్పేసింది. మిగిలిన తొంభై సెకన్లు అది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే. విద్యార్థులు దీన్ని ట్రైలర్ లాగా కట్టారు. ట్రైలర్ జనాన్ని హాలు దాకా రప్పించాలి, అందుకే ఉన్నవన్నీ చూపిస్తుంది. ఓపెనింగ్ చూసేవాడు అప్పటికే కూర్చుని ఉన్నాడు. అతనికి కావాల్సింది మోసుకెళ్లడానికి ఒక ప్రశ్న.

1:30 దగ్గర ఒకే ఒక్క కాగితంలో వేరే జవాబు కనిపించింది: "లిఫ్ట్ నాలుగు నుంచి ఎందుకు దిగింది? ఆ ఫ్లోర్ ఆమెది కదా?"

కట్‌లో లిఫ్ట్ బయటి ఇండికేటర్ అర సెకను కనిపిస్తుంది. ఎర్రటి 4, వెంటనే కట్. లోపలికి వెళ్లాక ఆమె 4 నొక్కుతుంది. బృందం దీన్ని ఉద్దేశపూర్వకంగా పెట్టలేదు. షూటింగ్ రోజు లిఫ్ట్ నాలుగో అంతస్తులో ఆగి ఉంది, అంతే.

ఒక్క కాగితాన్ని నమ్మి ఎడిట్ మొత్తం తిప్పేయాలా అని బృందంలో గట్టి చర్చ జరిగింది. మిగతావాళ్లంతా గమనించలేదు కదా అన్నది ఒక వాదన, న్యాయమైనదే. అయితే ఇక్కడ లెక్క సంఖ్యది కాదు. మిగతా జవాబులన్నీ ఇతర సినిమాల జ్ఞాపకం నుంచి వచ్చాయి. ఇదొక్కటే ఈ ఫ్రేములో ఉన్న వస్తువును చూసి పుట్టింది. ఎవరూ చూడలేదంటే అర సెకనే ఉంది కాబట్టి. కారణం తెలిసిన వైఫల్యాన్ని సరిదిద్దవచ్చు.

తిరిగి కట్టడం

ముందు స్టిల్స్ ప్రింట్ తీసి బల్ల మీద పరిచారు. ప్రతి స్టిల్ కింద రెండు గీతలు: ప్రేక్షకుడికి తెలిసింది, ఆమెకు తెలిసింది. ఈ రెండూ ఎక్కడ విడిపోతున్నాయో వెతకాలి. కత్తి షాట్ తప్పిస్తే పాత కట్‌లో ఎక్కడా విడిపోలేదు. మెసేజ్ వస్తే ఆమె, మనం ఒకేసారి చదువుతాం. చెయ్యి పడితే ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడాలి. 4 అంకె దగ్గర మాత్రం మనం చూసి, ఆమె చూడకపోయే వీలుంది.

కానీ 4 భయపెట్టాలంటే ఆ అంతస్తులో ఆమె తప్ప ఎవరూ లేరని అంతకుముందే తెలియాలి. దీనికి మూడు ప్రతిపాదనలొచ్చాయి. కింద నేమ్ బోర్డులో ఖాళీ పలకలు చూపించడం. వాచ్‌మన్ గదిలో తాళాలు, వాటిలో ఒక కొక్కెం ఖాళీగా ఉండటం. వాచ్‌మన్ మాట. బోర్డు చదవడానికి ఆగితే నడక ఆగుతుంది. ఖాళీ కొక్కెం ఊరించే ఆలోచన, కానీ అది ఇంకో ప్రశ్న రేపుతుంది. రెండు నిమిషాల్లో రెండు ఆధారాలు పక్కపక్కన పెడితే ప్రేక్షకుడు పొడుపుకథ విప్పే పనిలో పడతాడు, భయపడే తీరిక ఉండదు. చివరికి మాటే ఎంచుకున్నారు:

"పక్క ఫ్లాట్‌కి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు మేడమ్. ఫ్లోర్ మొత్తానికి ఇంకా మీరొక్కరే."

ఈ రెండు వాక్యాలు ఇంకో పని కూడా చేశాయి. పాత కట్‌లో వాచ్‌మన్ అంటే కుంటు నడక, సిగరెట్, చూపు. కాలు బాగోని పేదవాడిని అనుమానితుడిగా చూపిస్తే కష్టపడకుండా భయం పుడుతుందనుకోవడం చాలా పాత బద్ధకం. సామాజిక వర్గాల చిత్రణ గురించిన ప్రశ్నకు బృందం మొదట "వర్తించదు" అని రాసింది. అదే అన్నిటికంటే ఎక్కువ వర్తించే చోటు. డైలాగ్ ఇచ్చేసరికి అతను మనిషయ్యాడు. సిగరెట్ తీసేయడానికి వేరే కారణం కూడా ఉంది. థియేటర్‌కు వెళ్లే సినిమాలో పొగతాగే దృశ్యం ఉన్నంతసేపూ తెర కింద హెచ్చరిక వేయాలి. టెన్షన్ కట్టాల్సిన షాటులో ప్రేక్షకుడి కన్ను ఆ అక్షరాల మీదికి పోతుంది. ప్రేక్షకులెవరన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబు మారింది. కత్తి, కేక పోయాక ఇది 2024 సినిమా సర్టిఫికేషన్ నిబంధనల్లోని యూఏ 16+ కంటే యూఏ 13+ వైపే ఉంటుందని బృందం కారణాలతో రాయగలిగింది.

ప్యాచ్‌వర్క్, అంటే తర్వాత విడిగా తీసి అతికించినవి, మూడు షాట్లు: వాచ్‌మన్ మాట, ఇండికేటర్ పూర్తిగా దిగడం, లిఫ్ట్ లోపల బటన్ల ప్యానెల్.

ఇండికేటర్ షాట్ తేలికనుకున్నారు. మొదటి టేకులో 4 అంకె సగమే కనిపించింది. ఈ ఎర్ర అంకెలు నిలకడగా వెలగవు, కంటికి అందని వేగంతో గీత తర్వాత గీతగా వెలిగి ఆరుతుంటాయి. ఫోన్‌లో అంకె మీద నొక్కి ఎక్స్‌పోజర్ పెడితే ఫోన్ షట్టర్‌ను (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయాన్ని) బాగా కురచ చేస్తుంది, ఆ క్షణంలో వెలగని గీత ఫ్రేములోకి రాదు. మాన్యువల్ యాప్‌లో సెకనుకు 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) కదలకుండా, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి తీస్తే అంకె నిండుగా వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇదే అమరికలో లాబీ ట్యూబ్‌లైట్ పట్టీలు కూడా పోయాయి. మొదటి షూట్‌లో 30 ఫ్రేములు, 1/60 పెట్టడం వల్లే గోడ మీద అలలు కదిలాయి.

ఇంకో చిన్న గోతి ఉంది. ఫోన్ వీడియో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. విడిగా రికార్డు చేసిన మాట మొదట్లో పెదాలకు సరిపోయి, షాట్ చివరికి జారిపోయింది. ఎడిట్‌లోకి తేకముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

కొత్త క్రమం ఇది. గేటు, వాచ్‌మన్ మాట, ఆమె బటన్ నొక్కడం. రిలే టక్కుమన్న చప్పుడు, మోటారు మోత మొదలవడం, ఇంకా మనం ఆమె ముఖం మీదే ఉంటాం. తర్వాత అంకె: 4. అక్కడ రెండు సెకన్లు. ఆమె ఫోన్ చూసుకుంటోంది. మళ్లీ అంకె: 3, 2. ఆమె తల ఎత్తేసరికి 1. తలుపు తెరుచుకుంటుంది, లోపల ఎవరూ లేరు. ఆమె ఎక్కుతుంది, 4 నొక్కుతుంది, తలుపు మూసుకుంటుంది. టైటిల్. కేక లేదు, చెయ్యి లేదు, కత్తి లేదు. మొత్తం 1:52.

లిఫ్ట్ దిగడానికి పాత కట్‌లో మూడు సెకన్లిచ్చారు. ఇప్పుడు తొమ్మిది. ప్రేక్షకుడు తలలో ఒక చిన్న లెక్క వేయాలి: లిఫ్ట్ ఎవరు వదిలితే అక్కడే ఆగుతుంది, డ్యూటీకి వెళ్తూ ఆమె కిందికి దిగింది, పైన ఇంకెవరూ లేరు, మరి నాలుగుకు ఎవరు వెళ్లారు? ఆ లెక్క పూర్తి కావడానికి ఆ సమయం పట్టింది. బృందంలో ఎడిటర్ ఆరు సెకన్లు చాలన్నాడు. ఆరు, తొమ్మిది రెండూ వేసి చూస్తే ఆరులో చాలామంది తలుపు తెరుచుకున్నాక గుర్తించారు. అప్పటికి ఆలస్యమైపోతుంది, తలుపు తెరుచుకునే క్షణమే భయపడాల్సిన క్షణం.

బటన్ల ప్యానెల్ షాట్ ఒక తర్క దోషం వల్ల వచ్చింది. రఫ్ కట్ చూసిన ఒకరు "బట్టలు ఆరేయడానికి టెర్రస్‌కి వెళ్లినవాళ్లు కావచ్చుగా" అన్నారు. నాలుగే ఆఖరి అంతస్తు అయితే ఆ సందేహం నిజమే. అదృష్టవశాత్తూ భవనం స్టిల్ట్ ప్లస్ ఐదు (కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు). ఆమె వేలు 4 నొక్కేటప్పుడు పైన 5 బటన్ ఫ్రేములో ఉండేలా తీస్తే చాలు. సందేహం ఎవరూ పైకి అనకుండానే తీరిపోతుంది.

శబ్దం, టైటిల్స్

సంగీతం పూర్తిగా తీసేసి, చివరి తలుపు మూసుకున్నాకే మొదలుపెట్టారు. లాబీలో ఎవరూ కదలకుండా ఒక నిమిషం గది చప్పుడు రికార్డు చేశారు. ట్యూబ్‌లైట్ చోక్ గుయ్‌మనడం, దూరంగా కుక్క అరుపు. ఇది మైనస్ 36 దగ్గర, మాట మైనస్ 12 దగ్గర, తలుపు మూత మైనస్ 8 దగ్గర. ఇప్పుడు తలుపు చప్పుడుకే కొందరు కదిలారు. గది చప్పుడు లేకుండా మాటల మధ్య పూర్తి నిశ్శబ్దం వదిలితే శబ్దం తెగిపోయినట్టు తెలిసిపోతుంది.

డ్రోన్ షాట్ యూట్యూబ్ నుంచి తీసుకున్నదని తేలింది. అనుమతి లేని ఫుటేజ్ కాబట్టి ఎలాగూ ఉండకూడదు. ఎనిమిది సెకన్లు కలిసొచ్చాయి.

టైటిల్స్‌లో తెలుగు అక్షరాలు విరిగిపోయాయి, ఒత్తులు పక్కకు వచ్చి నిలబడ్డాయి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చి, యూనికోడ్ ఫాంట్ వాడితే కుదురుకున్నాయి. వరుసల మధ్య దూరం ఇంగ్లీషు అలవాటులో ఉంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి, కాస్త పెంచాలి. అంతకంటే ముఖ్యం పేర్లు ఎక్కడ వేయాలన్నది. పాత కట్‌లో నల్ల తెర మీద వేసి పద్నాలుగు సెకన్లు ఖర్చు చేశారు. ఇప్పుడు నడక మీద, గేటు మీద వేశారు. వాచ్‌మన్ మాట్లాడేటప్పుడు, అంకె కనిపించేటప్పుడు తెర మీద ఒక్క అక్షరం ఉండకూడదు. కన్ను చదవడంలో ఉంటే వినదు, చూడదు.

మార్కులు, మిగిలినవి

దాచుకున్న రెండో గుంపుకు చూపిస్తే 1:30 దగ్గర ఎక్కువ కాగితాల్లో నాలుగో అంతస్తు ప్రస్తావన వచ్చింది. "ఆమె ఎక్కకూడదు" అని రాసినవాళ్లూ ఉన్నారు. మూడో ప్రశ్నకు అంత సూటైన జవాబు మొదటి కట్‌కు ఒక్కటీ రాలేదు.

మార్కులు ఏ కట్‌కు వేయాలన్నది తేలిక నిర్ణయం కాదు. చివరి కట్ అధ్యాపకుల సాయంతో వచ్చింది, దానికే మొత్తం వేస్తే సాయం అందని బృందాలకు అన్యాయం. మొదటి కట్‌కు వేస్తే నేర్చుకున్నదానికి విలువ లేదు. నిర్మాణ మార్కులు మొదటి కట్ ఆధారంగా, మూల్యాంకన మార్కులు రెండు కట్‌ల మధ్య నిర్ణయాలను ఎలా సమర్థించుకున్నారన్న దాని ఆధారంగా వేశాం. తిరగరాసిన స్వీయ మూల్యాంకనంలో ఒక వాక్యం ఇలా ఉంది: "1:04 దగ్గర అంకెను ఆమె కంటే ముందు ప్రేక్షకుడికి చూపించాం, ఆమె తల ఎత్తేలోపు రెండు అంతస్తులు దాటించాం, ఎందుకంటే ఆ తేడాలోనే మా భయం ఉంది." లైటింగ్ గురించిన పాత వాక్యం పక్కన దీన్ని పెట్టి తర్వాతి బ్యాచ్‌కు చూపిస్తున్నాం.

అన్నీ కుదరలేదు. గేటు బయటి షాట్‌లో నాయిస్ అలాగే ఉంది, ఒక చిన్న ఎల్ఈడీ ప్యానెల్ ఉన్నా తగ్గేది. రెండో గుంపులో వెనక వరుసవాళ్లు కొందరు అంకెను గమనించలేదు. ఫ్రేములో అది చిన్నదిగా ఉంది. ఇండికేటర్ షాట్ ఫోర్‌కేలో తీసింది, ఎడిట్ టైమ్‌లైన్ ఫుల్ హెచ్‌డీ కాబట్టి 140 శాతం దాకా పెద్దది చేసినా పదును పోదు. ఆ మార్పు చేసిన ఫైలునే బృందం చివరిగా సమర్పించింది.